మల్లాపూరు చూచిన మయసభ



2025వ సంవత్సరపు వినాయక నవరాత్రములలో ఒక రాత్రి, జగిత్యాల జిల్లా మల్లాపూరులోని మా వాడ మండపమున భజన ముగిసి, పెద్దలు ప్రసాదము పుచ్చుకొని ఇండ్లకు మరలిన పిమ్మట, విగ్రహమునకు కాపలాగా నిలిచిన యువకులలో ఒకడు, దుబాయి నుండి నెలదినముల సెలవుమీద వచ్చినవాడు, తన సెల్‌ఫోనును కొబ్బరికాయల సంచికి ఆనించి నిలిపి, ‘మయసభ’ అను రాజకీయ ధారావాహికను పెట్టెను. టార్పాలినుమీద వానచినుకులు పడుచుండెను. ఫోనుచుట్టు కుర్రవాండ్రు ఏడెనిమిదిమంది. వారి వెనుక గొంగడి కప్పుకొన్న వృద్ధులిద్దరు. ఎదుటియింటి అరుగుమీద వీధిదీపపు వెలుతురున చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచున్న స్త్రీలు నలుగురు. ముప్పదియేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను గనుక నాకొక కుర్చీ వేసిరి. ఆ చిన్న తెర యెదుట ఆ రాత్రియు, తరువాతి మూడు రాత్రులును నేను వినిన మాటలు తెరమీది మాటలకంటె గాఢముగా నా మనస్సున నాటుకొనినవి. వానిని మీకు వినిపింపవలెననియే ఈ ప్రసంగము.

ధారావాహికను చూడనివారికొరకు ముందుగా నాలుగు మాటలు. ఇది 2025 ఆగస్టు 7న సోనీ లివ్ అను వేదికమీద తొమ్మిది భాగములుగా వెలువడినది. దీని సృష్టికర్త దేవ కట్టా. దర్శకత్వమున ఆయనకు తోడు కిరణ్ జయకుమార్. 2010లో ‘ప్రస్థానం’ చిత్రమును, 2021లో ‘రిపబ్లిక్’ చిత్రమును తీసి, అధికారము మనిషి లోపల నెట్లు వేళ్లు తన్నునో చూపగోరిన దర్శకుడాయన. కాకర్ల కృష్ణమనాయుడు, ఎం.ఎస్. రామిరెడ్డి అను ఇద్దరు యువకులు మిత్రులై, ఒకే కాలమున రాజకీయములలో అడుగిడి, పిదప ప్రత్యర్థులుగా ఎదుగు కథ యిది. నాయుడుగా ఆది పినిశెట్టి, రెడ్డిగా చైతన్యరావు, ఆర్.సి.ఆర్. అను మహానటుని పాత్రయందు సాయికుమార్ నటించిరి. కథ కల్పితమని చెప్పుకొనినను, ఆ పాత్రల వెనుక నారా చంద్రబాబునాయుడు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి, నందమూరి తారక రామారావు గార్ల ఛాయలు తెలుగువాడెవ్వనికిని మరుగుపడునవి కావు.

ఆ పేరును గూర్చి ఒక్కమాట చెప్పక ముందుకు సాగలేను. ఖాండవదహనమున అర్జునునిచే ప్రాణములు దక్కించుకొనిన మయుడు, ఆ ఋణము తీర్చుకొనుటకై ధర్మరాజునకు కట్టియిచ్చిన సభ మయసభ. నేల నీరుగను, నీరు నేలగను తోచి, దుర్యోధనుడంతటివాడు తడబడి పరాభవము పొందినచోటది. ఆ ఘట్టము మన పల్లెలకు నన్నయగారి సభాపర్వము ద్వారా ఎంత తెలిసినదో, 1977 సంక్రాంతికి వెలువడిన ‘దానవీరశూరకర్ణ’ ద్వారా అంతకు పదిరెట్లు తెలిసినది. ఆ చిత్రమున సుయోధనుడై మయసభలో జారిపడిన నటుడే, ఐదేండ్లు దాటిన కొలది మాసములలోనే, 1982 మార్చి 29న తెలుగుదేశము పక్షమును స్థాపించి, తొమ్మిది మాసముల పైచిలుకు కాలములో, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యెను; 1984 ఆగస్టులో ఒకమారు, 1995 ఆగస్టులో మరియొకమారు, తాను గట్టినేల యనుకొనినచోట నీరై అడుగు జారుట చవిచూచెను. నేడు ఆయన ఛాయయే ‘మయసభ’ అను కథలో ఒక పాత్ర. పేరు పెట్టినవారు ఇదంతయు తలపోసి పెట్టిరో లేదో గాని, మా మండపముకడ సుయోధనుని సంభాషణములను తాతలనుండి నేర్చి అప్పగించు కుర్రవాడొకడు ఉన్నాడు. సాయికుమార్ తెరమీదికి వచ్చినంతనే వాడు లేచి నిలువబడెను.

మొదటి రాత్రి జరిగినదంతయు పోలికల వెదకులాట. తెరమీద ఒక్కొక్క ముఖము కనబడగానే ‘ఈయన ఎవలు? ఆయన ఎవలు?’ అను ప్రశ్నలే. ఒకడు తన ఫోనులో పాత ఛాయాచిత్రములను తీసి సరిచూచును, మరియొకడు కాదనును, ఈ తర్కమున సగము సంభాషణ వినబడకుండ పోవును. ఇది మా ఊరివారి దోషము కాదు. ముసుగు వేసిన కథను చూచు ప్రతి సభయందును ముందుగా జరుగు తంతు ఇదియే. 1907లో మహారాష్ట్రమున ఖాడిల్కర్ ‘కీచకవధ’ నాటకము వ్రాసినప్పుడు కీచకుడు కర్జను ప్రభువని ప్రేక్షకులు నోటితో చెప్పకయే గ్రహించిరి. ప్రభుత్వమువారును గ్రహించి 1910లో దానిని నిషేధించిరి. మా పాత కరీంనగరము జిల్లాలోని మంథని నుండి ఇరువదియేండ్లు శాసనసభ్యుడుగ నుండిన పి.వి. నరసింహారావుగారు 1998లో ఇంగ్లీషున ప్రకటించి, తరువాత ‘లోపలి మనిషి’గా తెలుగున వచ్చిన నవలలో రాష్ట్రము పేరు అఫ్రోజాబాదు, నాయకుని పేరు ఆనందు, అయినను చదివిన ప్రతివాడును మార్జినులో పెన్సిలుతో అసలు పేర్లు వ్రాసికొనినవాడే. మా గ్రంథాలయమునకు వచ్చిన ప్రతిలో అట్టి వ్రాతలను నేనే కన్నులార చూచినాను.

అయితే తెలుగునాట ఈ గుర్తుపట్టుట వినోదముతో ఆగక పగకు దారితీసిన సందర్భములు కలవు. 1987లో ‘మండలాధీశుడు’ చిత్రమున రామారావుగారిని పోలిన పాత్రను ధరించిన పాపమునకు విజయవాడలో అభిమానులు తనపై చేయిచేసికొనిరని కోట శ్రీనివాసరావుగారు పలుమారులు చెప్పియున్నారు. 2019లో ఎన్నికలకు ముందటి మూడు మాసములలో ‘కథానాయకుడు’, ‘యాత్ర’, ‘మహానాయకుడు’, ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ వరుసగా వెలువడినప్పుడు, చిత్రము బాగున్నదా లేదా యను ప్రశ్నకు అవకాశమే లేకపోయెను. ఏ చిత్రమునకు పోవుచున్నావని యడిగినచో ఏ పక్షమువాడవని యడిగినట్లే. చివరిదానిని ఎన్నికలు ముగియువరకు ఆంధ్రప్రదేశమున ప్రదర్శింపరాదని న్యాయస్థానమే ఆపినది. ‘మయసభ’ వచ్చినప్పుడును ఆ వాసన పూర్తిగా పోలేదు. కృష్ణమనాయుని పెద్ద చేసి చూపిరని కొందరు, రామిరెడ్డికి మంచితనమంతయు కట్టబెట్టిరని మరికొందరు. రెండు ఫిర్యాదులు ఒకే కథమీద వచ్చుట ఆ కథకు ఒకవిధముగ ప్రశంసయేయని నా అభిప్రాయము.

మల్లాపూరు ప్రేక్షకునికి ఈ తగవులో ఒక వెసులుబాటు కలదు. 2014 జూన్ 2 తరువాత తెలంగాణము వేరు రాష్ట్రమైనది. ఈ ఇద్దరు నాయకుల పేర్లతో నేడు కత్తులు దూసికొను పక్షములకు మా ఎన్నికలలో పూర్వపు పట్టు లేదు. ఫోనుముందు కూర్చున్న ఆ ఎనమండుగురు కుర్రవాండ్రలో ఒక్కడైనను ఈ ఇద్దరిలో ఎవ్వరి జెండానైనను మోసినవాడు కాడు. పోటీలో మనవాడు లేనప్పుడు కుస్తీ చూచువాని కన్ను తేటగా నుండును. ఎవ్వడు పట్టు బాగుగ పట్టినాడో వానినే మెచ్చును. కాని వారి తల్లిదండ్రులో? ఈ ఇద్దరి పాలనలోను జీవించినవారు, ఆ పాలన ఫలమును అనుభవించినవారు, దెబ్బలును తినినవారు. అందుచేత మా మండపముముందు చేరిన సభలో నిష్పక్షపాతియైన న్యాయాధిపతియు, ప్రత్యక్షసాక్షియు ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. ఇట్టి సభ విజయవాడలోగాని కడపలోగాని కూడుట కష్టము.

సాక్షులలో మొదట నోరు విప్పినది అరుగుమీది స్త్రీలలో పెద్దామె. ఆమె చేతులను గూర్చి చెప్పవలెను. తడిపిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, అరచేత పరచి, చిటికెడు తంబాకు పోసి, వ్రేళ్లతో చుట్టి, దారము వేసి, మూతి ముడుచుట: ఇదంతయు ఆమె చూపు చాటలోనికి పోకుండగనే జరుగుచుండెను. చూపు తెరమీద, చేయి ఆకుమీద. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో టి.వి. చూచు స్త్రీలలో పెక్కండ్ర చూపు ఇట్టిదే. ప్రొద్దుటికి బీడీలు లెక్క కావలెను గనుక ఇరువదియైదు బీడీల కట్ట ఒక్కొక్కటియే చాట ప్రక్కకు చేరుచుండును. ఆమె యన్నది: “అత్తకోడండ్ల కొట్లాట జూసి జూసి యాష్టకచ్చింది. గిది జర నయం. గీ కొట్లాటకు ఒక కారణమన్న ఉన్నది.” ధారావాహికలను గూర్చి పత్రికలలో వచ్చు విమర్శలు నేను చదువుదును, ఇంత తక్కువ మాటలలో ఇంత న్యాయమైన విమర్శను చదివిన గుర్తు లేదు.

కొంతసేపటికి ఆమెయే మరల అడిగినది: “రెండ్రూపాల బియ్యం అచ్చినయా ఇంక?”

కుర్రవాండ్రకు అర్థము కాలేదు. ఒకడు, “ఇంక రాలే పెద్దమ్మా, ఈళ్లు ఇంక చిన్నోళ్లే” అని బదులు పలికెను. ఆమె ప్రశ్న నాకు అర్థమైనది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చుటకు ముందు మా వాడలో నిత్యము మక్కగటక, జొన్నగటక. వరియన్నము పండుగనాటి మాట. పెండ్లియై అత్తవారింటికి వచ్చిన సంవత్సరమే ఆ బియ్యము వచ్చినవట. మొదటి మారు కంట్రోలు దుకాణమునుండి సంచి దింపి, ఆ సాయంత్రము వండినప్పుడు అత్తగారు గిన్నె మూత తీసి, వాసన చూచి, “ఇగ రోజూ గిదే వండు” అనెనట. ఆమెకు ఆ మహానటుని రాజకీయ ప్రవేశమనగా ఆ గిన్నె మూత. తెరమీద ఎవ్వరు ఎవ్వరిని దింపిరి, ఎవ్వరు ఎవ్వరికి వెన్నుపోటు పొడిచిరి అను కథ నడుచుచుండగా, ఆమె తన కథలో ఆ ఘడియ వచ్చునా రాదా యని ఎదురుచూచుచున్నది. పట్వారీ కథ వచ్చునా యనియు అడిగినది. 1984 జనవరిలో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయిన సంగతి నగరమువారికి ఒక చరిత్రాంశము కావచ్చును. పహాణీలో తన మామగారి పేరు ఎక్కించుటకు పట్వారీ ఇంటి వాకిట దినములతరబడి కూర్చుండిన ఇల్లాలికి మాత్రము అది రాజ్యము మారిన దినము.

రెండవ రాత్రి జరిగిన యొక సంగతి మరింత సున్నితమైనది. కథలో కృష్ణమనాయునికి నత్తి కలదు. మాట గొంతులో చిక్కుకొని, ముఖము కందగడ్డవలె ఎర్రబారును. ఆది పినిశెట్టి ఆ తడబాటును హాస్యమునకు వాడక, లోపలి పట్టుదలకు ఆకృతిగా నటించెను. మా కుర్రవాండ్రలో ఒకనికి పుట్టుకతో నత్తి. నా బడిలో చదివినవాడే. హాజరు పిలిచినప్పుడు వాడు నోటితో బదులు చెప్పక చేయి యెత్తెడివాడు. నేనును వానిని బలవంతపెట్టలేదు. ఆ విషయమున నేను చేసినది మంచియో చెడ్డయో నేటికిని నాకు తేలలేదు. ఆ రాత్రి వాడు ఎవ్వరికిని తెలియకుండ జరిగి జరిగి ఫోనుకు అందరికంటె దగ్గరగ వచ్చి కూర్చుండెను. భాగము ముగిసిన తరువాత నా కుర్చీవద్దకు వచ్చి, ఒక్కొక్క మాటను కూడదీసికొని, “మాట రానోడు సుత ముఖ్యమంత్రి అయితడా సార్?” అని అడిగెను. కథలోని నత్తి కల్పనయని వానికి చెప్పవలసిన పని నాకు లేకపోయెను. “మాట వచ్చినవాండ్రు చేసినది చూచితిమి గదరా” అంటిని. వాడు నవ్వెను. అక్కడ నున్నవారిలో ఒక్కడును వానిని వెక్కిరింపలేదు. తొమ్మిది భాగములలో నాకు మిక్కిలి ప్రియమైన భాగము ఏదని యడిగినచో, తెరకు వెలుపల జరిగిన యీ భాగమునే చెప్పెదను.

మూడవ రాత్రి గొంగడి కప్పుకొన్న వృద్ధులలో ఒకరు, అంతవరకు చుట్ట కాల్చుచు మౌనముగ నున్నవారు, హఠాత్తుగా పలికిరి: “అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, గిండ్ల మన ముచ్చట ఏదిరా?”

ఎవ్వరును బదులు పలుకలేదు. కథ ప్రధానముగ రాయలసీమయందును, హైదరాబాదునందును నడచునది. మల్లాపూరు ముచ్చట దానిలో ఉండవలెనని కోరుట అన్యాయమని మీరనవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. కాని ఇంటికి పోయి పండుకొనిన తరువాత ఆ ప్రశ్న నన్ను నిదురింపనీయలేదు. ఏలయన సంవత్సరమును చూడుడు. 1978 ఫిబ్రవరిలో జరిగిన శాసనసభ ఎన్నికలలోనే చంద్రగిరినుండి చంద్రబాబునాయుడుగారును, పులివెందులనుండి రాజశేఖరరెడ్డిగారును తొలిమారు గెలిచి సభలో అడుగిడిరి; 1980లో అంజయ్యగారి మంత్రివర్గమున ఇద్దరును మంత్రులైరి. తెరమీద మనము చూచు ఇద్దరు యువకుల కథకు మూలము ఆ సంవత్సరము. ఆ సంవత్సరమే, సెప్టెంబరు 7న, జగిత్యాల పట్టణమున వేలకొలది పాలేర్లు, కూలీలు, చిన్నరైతులు ఊరేగింపుగ కదలిరి. దానినే జగిత్యాల జైత్రయాత్ర యందురు. వెట్టి మానవలెననియు, జీతగాండ్రకు జీతములు పెంచవలెననియు, దొరల చేతిలో చిక్కిన బంజరు భూములు పేదలకు దక్కవలెననియు, పంచాయతీల పేరిట వసూలు చేసిన దండుగలు తిరిగి యీయవలెననియు వారి కోర్కెలు. దారికిరాని దొరల గడీలకు చాకలి పోలేదు, మంగలి పోలేదు. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పోలీసు క్యాంపులు వచ్చినవి. తరువాతి రెండు మూడు దశాబ్దములు ఈ ప్రాంతమున ఎన్ని ఇండ్ల తలుపులు రాత్రివేళ తట్టబడినవో, ఎన్ని ఇండ్లకు కుమారులు తిరిగిరాలేదో చెప్పుట నా శక్తికి మించినది.

నేనప్పుడు తొమ్మిదవ తరగతి. మెట్‌పల్లి దారి వెంట మనుష్యులు గుంపులుగ నడచిపోవుట చూచితిని. భుజముమీద గొంగడి, చేత సద్దిమూట. ఊరిలో ఎన్నడును దొర యెదుట తలయెత్తని మా ఇంటి జీతగాడు ఆనాడు తలపాగ చుట్టుకొని వెళ్లెను. మా అమ్మ నన్ను గడప దాటనీయలేదు. నాలుగు దినముల తరువాత అతడు తిరిగివచ్చి యథాప్రకారము ఎడ్లను కట్టుటకు కొట్టములోనికి పోయెను. కాని నాయన పిలిచినప్పుడు వెనుకటివలె పరుగెత్తి రాలేదు, నడచి వచ్చెను. శాసనసభలో ఇద్దరు యువకులు తమ మొదటి సంవత్సరమును గడుపుచున్న కాలమున, మా ఊరిలో రాజకీయమనగా ఆ నడక.

ఆ వృద్ధుడు అడిగినది తన ముఖమును తెరమీద చూపుమని కాదు. ఇద్దరు నాయకుల ఎదుగుదల కథ చెప్పునప్పుడు, వారు ఏలబోవు ప్రజలు ఆ కాలమున ఏమి చేయుచుండిరో, ఏ భయముతో ఏ ఆశతో నుండిరో ఒక కిటికీగుండనైనను కనబడవలదా యని. రాజకీయ కథలు వ్రాయువారు హోటలుగదులను, పార్టీ కార్యాలయములను, కారువెనుకటి సీట్లను మిక్కిలి శ్రద్ధగ చిత్రించుచున్నారు. కుర్చీ మారు క్షణమును మనకు అద్భుతముగ చూపుచున్నారు. కుర్చీ మారినందున ఎవ్వరి గిన్నెలోనికి ఏమి వచ్చెనో, ఎవ్వరి చేనినుండి ఏమి పోయెనో అను భాగము మాత్రము వారి లేఖినికి తరచుగ అందుట లేదు. ఈ లోపము ‘మయసభ’ ఒక్కదానిదే కాదు. ప్రపంచమందంతటను రాజకీయ ధారావాహికలకు అంతఃపురపు కుట్రలమీద గల మక్కువ ప్రసిద్ధమే. కాని మన భాషలో ఈ విధమైన పెద్ద ప్రయత్నము ఇంకను క్రొత్తది గనుక, ఇప్పుడే అడుగుట మంచిది.

పోయిన మాట వచ్చినది గనుక చక్కెర ఫ్యాక్టరీని గూర్చి చెప్పక తప్పదు. మా మండలములోని ముత్యంపేటలో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ కలదు. 1937లో బోధనులో పుట్టిన సంస్థకు శాఖ యిది. క్రషింగు జరుగు చలికాలమున గాలి తిరిగినప్పుడు మల్లాపూరు వరకు బెల్లపుపాకమువంటి వాసన వచ్చెడిది. చెరకు లారీలు, ఎడ్లబండ్లు గేటు ముందు వరుసకట్టి, రైతులు బండ్ల క్రిందనే వండుకొని తినెడివారు. పిల్లలు బండ్ల వెంబడి పరుగెత్తి చెరకుగడలు లాగికొనెడివారు. 2002లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వకాలమున సంస్థలో నూటికి 51 వంతుల వాటా ప్రైవేటువారికి పోయినది. రాజశేఖరరెడ్డిగారి కాలమున శాసనసభా సంఘము ఆ అమ్మకమును విచారించినది. తెలంగాణము వచ్చిన పిదప, 2015 డిసెంబరులో, బోధను, మెదకు జిల్లా మంబోజిపల్లి శాఖలతో పాటు ముత్యంపేట ఫ్యాక్టరీయు మూతపడినది. ఇద్దరు కథానాయకుల కాలములును, మూడవ కాలమును ఒక్క చిమ్నీ నీడలో కలిసికొనిన చోటు ఇది. చెరకు వేసిన చేలలో నేడు వరి, మక్క, పసుపు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవారి కుమారులు కొందరు దుబాయిలో, మస్కటులో.

ఫోను పెట్టిన కుర్రవాడు అట్టివానిలో ఒకడు. వాని తండ్రి ఆ ఫ్యాక్టరీలో సీజను కూలి. వాడు మాతో చెప్పినదేమనగా, ఈ ధారావాహికను తాను మొదట దుబాయిలోని తమ గదిలో చూచెనట. ఆ గదిలో ఎనిమిది మంచములు. జగిత్యాలవారు నలుగురు, కడపవారు ఇద్దరు, చిత్తూరువారు ఒకరు, నిజామాబాదువారు ఒకరు. శుక్రవారమునాడు వంట చేసికొని, కంచములు ముందు పెట్టుకొని చూచిరట. కడపవారిలో ఒకడును, చిత్తూరువాడును మొదటి భాగమునకే మాటామాటా అనుకొని మూడు దినములు పలుకరించుకొనలేదట. “తరువాత ఎట్లు కలిసిరి?” అని అడిగితిని. “ఇద్దరికి సుత ఆర్నెల్ల సంది జీతం రాలే సార్. కంపెనీ ఆఫీసుకు ఇద్దరు గలిసే పోయిన్రు” అని చెప్పెను. ఇంతకు మించి వాడును చెప్పలేదు, మేమును అడుగలేదు.

నా తీర్పు అడిగినచో దాచను. ‘మయసభ’ మంచి ప్రయత్నము. ఇద్దరు ప్రత్యర్థులలో ఒకనిని దేవతగను, ఒకనిని రాక్షసునిగను చేయుట సులువు; ఆ సులువైన దారిని ఈ కథ పట్టలేదు. మైత్రియు స్పర్ధయు ఒకే వేరునుండి పుట్టునని చూపగోరినది. కులము మన రాజకీయములను నడుపు తీరును చాటున దాచక నడివీధికి తెచ్చినది. దానిని చూచునప్పుడు మా కుర్రవాండ్రు మొదటి రాత్రివలె నవ్వుచు కూర్చుండలేదు. కొన్నిచోట్ల సంభాషణలు వేదికమీది ఉపన్యాసములవలె బరువెక్కినవి. మనుష్యులు ఇంటిలో అట్లు మాటలాడుకొనరు. ప్రజలు దృశ్యములలో గుంపుగ తప్ప మనుష్యులుగ తక్కువ కనబడిరి. ఈ రెండు కొరతలను దాటినచో ఇది తెలుగు దృశ్యకథలలో ఎన్నదగినది.

ఇక ప్రేక్షకులను గూర్చి నాకొక దృఢమైన నమ్మకము కలిగినది. ఎవ్వరికి ఎవ్వరి పోలిక అను తర్కము మొదటి రాత్రితో తీరిపోవును, తీరనిండు. ఎవ్వరు గెలిచిరి అను తర్కము రెండవ రాత్రికి చప్పబడును. మూడవ రాత్రి వచ్చు ప్రశ్నయే ప్రశ్న. మా మండపముకడ ఆ ప్రశ్నను అడిగినవారు చదువుకొనినవారు కారు, పార్టీలవారు కారు. బీడీలు చుట్టు ఇల్లాలు, గొంగడి కప్పుకొన్న ముదుసలి. పత్రికలలో అభిప్రాయములు వ్రాయువారికిని, కథలు తీయువారికిని వీరి మాట చేరు మార్గమేదియు నేడు కానరాదు. ఆకాశవాణి ఆ మార్గములలో ఒకటి కాగలదను ఆశతోనే నేను ఈ మైక్రోఫోను ఎదుట కూర్చుంటిని.

కావున శ్రోతలకు నాది ఒక్క మనవి. కోరుట్లలోనుండి వినుచున్నను, సిరిసిల్ల మగ్గముముందు కూర్చుండి వినుచున్నను, ఇట్టి కథను మీ ఇంటిలో చూచునప్పుడు అరువదియేండ్లు దాటినవారిని ఒక్కరినైనను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. కథ నడుమ వారేదైనను అడిగినచో విసుగుకొనక ఫోనును ఆపుడు. 1978లో వారెక్కడ నుండిరి, 1983లో ఏమి తినిరి, 2002లో వారి చేనిలో ఏ పంట యుండెను అని అడిగి, పిల్లల నోటుపుస్తకములో తేదీతో సహా వ్రాసియుంచుడు. మా మల్లాపూరులో ఆ నత్తి కుర్రవాడు ఆ పనిని ఆరంభించినాడు; నలువది పుటల పుస్తకములో ఇప్పటికి పదునొకండు పుటలు నిండినవి. మొదటి పుటలోని మొదటి పంక్తి కిలో రెండు రూపాయల బియ్యమును గూర్చినది.